గుంటూరు సెయింట్ జోసెఫ్ ఆసుపత్రి సిస్టర్లు: జె.ఎం.జె. సభ ఎక్కణ్ణుంచి వచ్చింది, ఏం చేసింది?

పాతగుంటూరు పిల్లోడు
మన జిల్లా ఏర్పడింది 1904 అక్టోబరు 1న. అదే ఏడాది హాలండు నుంచి ఐదుగురు మఠకన్యలు గుంటూరు వచ్చి మఠం పెట్టారట. సెయింట్ జోసెఫ్ ఆసుపత్రి వాళ్ళదే. మా వీధిలో సగం మంది అక్కడే పుట్టారు, మిగతా సగం పెద్దాసుపత్రిలో. కానీ ఈ సిస్టర్లు ఎవరు, ఇంత దూరం ఎందుకొచ్చారు అంటే మా ఇంట్లో ఒక్కరికీ సరిగ్గా తెలియదు. మా బాబాయైతే కుగ్లర్ ఆసుపత్రీ ఇదీ ఒకటే మిషనరీలవని పందెం కూడా కాశాడు. తెలిసినవాళ్ళు చెప్పండి. ఇంకో మాట. ఇక్కడ పనిచేసిన ఒక డాక్టరమ్మకి వైద్యం చెయ్యటానికి స్వయంగా పోపుగారు అనుమతి ఇవ్వాల్సి వచ్చిందని విన్నాను. మందివ్వటానికి రోమ్ నుంచి చీటీ దేనికండీ?

రికార్డు గది
ముందు పందెం సంగతి తేల్చేద్దాం. మీ బాబాయి ఓడిపోయారు. కుగ్లర్ ఆసుపత్రి అమెరికా లూథరన్ మిషన్‌ది. డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చారు, ఆసుపత్రి 1898లో తెరిచారు, 1930లో ఇక్కడే కన్నుమూశారు. ఆమె ప్రొటెస్టెంటు, మఠకన్య కాదు. కథోలిక సిస్టర్లు రావటం ఆ ఆసుపత్రి తెరిచిన ఆరేళ్ళ తరవాతి మాట. రెండూ ఆడవాళ్ళ వైద్యం దగ్గరే మొదలయ్యాయి కాబట్టి జనం కలిపేసుకున్నారు.

ఇక జె.ఎం.జె. అంటే యేసు మరియ జోజప్పల సభ, మఠకన్యల సంఘం. 1822లో హాలండులోని ఆమెర్స్‌ఫోర్ట్ పట్టణంలో మత్తియాస్ వోల్ఫ్ అనే జెస్విట్ గురువు (యేసు సభ ఫాదరు) దీన్ని స్థాపించారు. అప్పుడక్కడ ప్రొటెస్టెంటు రాజు విలియం పాలన. కథోలికులు బడి నడుపుకోవటం అంత తేలిక కాదు. ఆడపిల్లలకి చదువు చెప్పే స్త్రీల బృందంగానే సభ మొదలైంది, వైద్యం తరవాత వచ్చి చేరింది. ఇండొనేషియాలో కూడా వీళ్ళ మఠాలున్నాయి.

కారంపొడి
ఎన్ని చెప్పినా మతం మార్చటానికి వచ్చినవాళ్ళేగా మాస్టారూ. ఆ ముక్క ఎవరూ రాయరు.

ఫిరంగిపురం చిన్నోడు
కారంపొడిగారూ, మీరు అడుగుతారని తెలుసు. 1904 నాటికి గుంటూరు ప్రాంతంలో కథోలికులు కొత్తేం కాదండీ. ఫ్రెంచి జెస్విట్ల కర్ణాటక మిషన్ కాలం, అంటే 18వ శతాబ్దం నుంచీ ఉన్నారు. మా ఊరి బాలయేసు కోవెలకొచ్చే కుటుంబాలు కొన్ని ఏడెనిమిది తరాల పేర్లు చెప్తాయి. 1904లో ఈ ప్రాంతమంతా మద్రాసు అగ్రపీఠం (ఆర్చిబిషప్పు) కింద, మిల్‌హిల్ అనే ఇంగ్లండు మిషనరీ సభ గురువుల చేతిలో ఉండేది. 1928లో నెల్లూరు మేత్రాసనం (ఒక బిషప్పు కిందుండే ప్రాంతం), అందులోంచి 1940లో గుంటూరు మేత్రాసనం ఏర్పడ్డాయి. తొలి పీఠాధిపతి, అంటే బిషప్పు, పోతకమూరి తోమాసుగారు మన తెలుగాయనే, తరవాత బెంగుళూరు వెళ్ళారు.

అంటే సిస్టర్లు వచ్చింది అప్పటికే ఉన్న విచారణల్లోకి (ఒక్కో ఫాదరు చూసుకునే ఊళ్ళని విచారణ అంటారు). గురువులకి కావలసింది ఆడపిల్లలకి బడి చెప్పేవాళ్ళు, ఇళ్ళలోకి వెళ్ళి ఆడవాళ్ళతో మాట్లాడగలిగేవాళ్ళు. ఆ రోజుల్లో ఫాదర్గారు వంటింటి గడప దాటి లోపలికి వెళ్ళే ప్రశ్నే లేదు కదా. సువార్త చెప్పటం వాళ్ళ పనిలో భాగమే, కాదని నేననను. దాన్ని దాచాల్సిన పనీ లేదు. అయితే వార్డులో ఉన్నవాళ్ళలో ఎక్కువమంది హిందువులూ ముస్లిములే. ప్రసవం అయ్యాక బిడ్డనెత్తుకుని మళ్ళీ వాళ్ళ గుడికీ వాళ్ళ దర్గాకీ వెళ్ళిపోయినవాళ్ళే.

రికార్డు గది
డాక్టరమ్మ సంగతికొస్తాను. కాస్త పొడుగు అవుతుంది, టీ పెట్టుకుని కూర్చోండి.

ఆమె పేరు మేరీ గ్లౌరీ. 1887లో ఆస్ట్రేలియా విక్టోరియా రాష్ట్రంలోని బిర్రెగర్రాలో పుట్టారు. తొమ్మిదిమంది పిల్లల్లో మూడో ఆమె. 1910లో మెల్బోర్న్ విశ్వవిద్యాలయంలో వైద్యపట్టా తీసుకున్నారు. ఆ ఊళ్ళో పెద్ద డాక్టర్లంతా ఉండే కాలిన్స్ వీధిలో ప్రాక్టీసు, కంటి ఆసుపత్రిలో కొలువు. 1916లో అక్కడి కథోలిక స్త్రీల సంఘానికి తొలి అధ్యక్షురాలు. అంటే బతుకుతెరువుకి దిక్కులేక ఓడెక్కిన మనిషి కాదు.

1915లో ఆమె చేతికి ఒక చిన్న పుస్తకం వచ్చింది, డాక్టర్ ఆగ్నెస్ మెక్లారెన్ గురించి. మెక్లారెన్ స్కాట్లండు ఆవిడ. ఫ్రాన్సు వెళ్ళి మాంపెల్యేలో చదివి 1878లో డాక్టరయ్యారు. పెద్దవయసులో కథోలిక సంఘంలో చేరి, రావల్పిండిలో ఘోషా స్త్రీల కోసం ఆసుపత్రికి పూనుకున్నారు. మగ డాక్టరు చెయ్యి పట్టుకుని నాడి చూడటానికి కూడా ఒప్పుకోని ఇళ్ళవి. ప్రసవం అడ్డం తిరిగితే తల్లీ బిడ్డా ఇద్దరూ పోవాల్సిందే కానీ మగాణ్ణి లోపలికి రానిచ్చేవారు కాదు. దీనికి మందు ఒకటే, ఆడ డాక్టర్లు. జీవితాంతం అక్కడే ఉండిపోయే ఆడ డాక్టర్లు కావాలంటే మఠకన్యలే దొరకాలి. ఇక్కడే ముడి పడింది.

రోమ్ నియమాల ప్రకారం గురువులుగానీ మఠకన్యలుగానీ ప్రత్యేక అనుమతి లేకుండా వైద్యవృత్తి చెయ్యకూడదు. 1917 ధర్మశాస్త్ర స్మృతిలో, అంటే కథోలిక సంఘం చట్టాల పుస్తకంలో, అది స్పష్టంగా ఉంది. కాన్పులు చూడటం మీద అంతకుముందు నుంచే ఇంకా గట్టి పట్టింపు. బ్రహ్మచర్య వ్రతం పట్టినవాళ్ళు ప్రసూతి గదిలో ఉండకూడదన్నది వాళ్ళ లెక్క. నర్సింగ్ చెయ్యొచ్చు, కట్టు కట్టొచ్చు, నీళ్ళాడే మనిషిని మాత్రం ముట్టుకోకూడదు. మెక్లారెన్ ఈ నిషేధం తియ్యమని రోమ్‌కి పదే పదే మొరపెట్టుకుని 1913లో పోయారు.

ఆ పుస్తకం చదివిన గ్లౌరీ 1919లో ప్రసూతి, స్త్రీవ్యాధులు, కంటివైద్యంలో ఎండీ పూర్తిచేసి 1920 ఫిబ్రవరి 12న గుంటూరులో దిగారు. జె.ఎం.జె. సభలో చేరి సిస్టర్ మేరీ ఆఫ్ ది సేక్రెడ్ హార్ట్ అయ్యారు. అప్పటి పోపు 15వ బెనెడిక్టుగారు ఆమెకి ప్రత్యేక అనుమతి ఇచ్చారు. పిల్లోడుగారూ, మీరు విన్న చీటీ ఇదే. నియమం అలాగే ఉంది, ఈమె ఒక్కరికీ సడలింపు. మిగతా మఠకన్యలకి 1936 ఫిబ్రవరి 11న గానీ రోమ్ తలుపు తియ్యలేదు. ఆ తేదీ లూర్దుమాత పండుగ, మన గుణదల తిరునాళ్ళ రోజు. ఈ 16 ఏళ్ళూ గుంటూరులో ఒక సిస్టరు కాన్పులు చేస్తూనే ఉంది. నియమం మారటానికి ఇలాంటి వైద్యమూ ఒక సాక్ష్యమని నా అభిప్రాయం.

నైట్‌డ్యూటీ
రికార్డు గదిగారూ, బాగా రాశారు. ఆవిడ కాలం నాకు తెలియదు, నేను చాలా తరవాతి బ్యాచిని. కానీ ఆవిడ పెట్టిపోయిన పద్ధతి గురించి చెప్పగలను. తను ఒక్కతే అంతమందిని చూడలేనని ఇక్కడి అమ్మాయిలకే మందులు కలపటం, నర్సింగ్, మంత్రసాని పని నేర్పించారు. మాకు నేర్పినవాళ్ళు ఆ శిక్షణ గొలుసులో వాళ్ళే.

అప్పట్లో ఏదీ వాడి పారేసేది కాదు. సిరంజిలు గాజువి. స్టెరిలైజరులో మరిగించాలి, చల్లారాక పట్టకారుతో తియ్యాలి. సూది మొన మొద్దుబారితే రాతి మీద నూరటమే. రబ్బరు గ్లోవ్స్ అయితే కడిగి, ఒక్కోదాన్ని నోటితో ఊది చెంప దగ్గర పెట్టుకుని చూడాలి, ఎక్కడన్నా గాలి తగులుతుందేమోనని. చిల్లి ఉంటే అతుకు వెయ్యాలి. ఆరాక పౌడరు చల్లి, కుడి ఎడమ జత కలిపి గుడ్డలో చుట్టి ఆటోక్లేవ్‌కి పంపాలి. అతుకు వేసిన జత ప్రసవాలకి ఇవ్వకూడదు, డ్రెస్సింగ్‌కి మాత్రమే. ఒకసారి ఓ పిల్ల కలిపేసింది. సిస్టరమ్మ కేకలెయ్యలేదు, ఆ రోజు గ్లోవ్స్ డబ్బా అంతా విప్పించి మొదట్నించీ మళ్ళీ చేయించింది. భోజనం గంట మోగింది, ఎవరమూ కదల్లేదు.

నేను హిందువుల పిల్లని. పొద్దున వాళ్ళు పూజకి వెళ్తే మేం కొందరం వార్డు చూసుకునేవాళ్ళం. నన్ను ఎవరూ ఏమీ మార్చమనలేదు. సాయంత్రం జపమాల టైముకి నోరు మూసుకు కూర్చోమనేవాళ్ళు, అంతే. అది మాత్రం కష్టంగానే ఉండేది!

కారంపొడి
నైట్‌డ్యూటీ అమ్మా, మీ అనుభవం కాదనను. కానీ ఇప్పటి సంగతి కూడా మాట్లాడండి. మా ఊళ్ళో ఓ కాన్వెంటులో యూకేజీకి అడిగిన డబ్బు చూసి మా తమ్ముడు గుమ్మంలోంచే వెనక్కొచ్చాడు. సేవ అంటే ఇదేనా? ఇంకోటి. సంఘంలో కులం లేదంటారు. ఆ మఠాల్లో పెద్ద పదవుల్లో ఏ ఇంటిపేర్లు ఉంటాయో గుంటూరు వాళ్ళకి చెప్పాలా?

ఫిరంగిపురం చిన్నోడు
రెండోదానికి ముందు చెప్తా, ఎందుకంటే అది నిజం కాబట్టి. గుంటూరు జిల్లా కథోలికుల్లో రెడ్లున్నారు, కమ్మలున్నారు, మాల మాదిగలున్నారు. కొన్ని ఊళ్ళలో సమాధుల దొడ్లు కూడా వేరుగా ఉండేవి. మఠంలో అడుగుపెట్టగానే ఇదంతా గేటు బయట ఆగిపోదు. 2016 డిసెంబరులో భారత కథోలిక పీఠాధిపతుల సమాఖ్య దళిత సాధికారత మీద విధానపత్రం విడుదల చేసి, సంఘం లోపల వివక్ష ఉందని తనే ఒప్పుకుంది. బయటివాళ్ళు అన్న మాట కాదు. పైగా 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల దళిత క్రైస్తవుడికి ఎస్సీ హోదా లేదు, మన రాష్ట్రంలో బీసీ-సీలో వేశారు. రెండు వైపులా దెబ్బే.

దీనికి మఠకన్యలు ఒక్కరే బాధ్యులన్నట్టు మాట్లాడితే మాత్రం ఒప్పుకోను. మా పిన్నమ్మ ఒకావిడ సిస్టరు. మాల కుటుంబం. నర్సింగ్ చదివించారు, ఇప్పుడు ఏజెన్సీ వైపు ఓ డిస్పెన్సరీ నడుపుతోంది. ఆవిడ సంతోషంగానే ఉంది, ఆవిడ ఫిర్యాదులూ ఆవిడకున్నాయి. రెండూ నిజమే.

ఫీజు సంగతి ఆ కాన్వెంటు వాళ్ళనే అడగాలి. ఎయిడెడ్ బళ్ళూ ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బళ్ళూ ఒకే గేటు లోపల ఉంటున్నాయి, జనం చూసేది రెండోదాన్నే.

బెంజిసర్కిల్
గుంటూరోళ్ళు మాట్లాడుకుంటుంటే మధ్యలో బెజవాడ నుంచి ఓ ముక్క. మా మారిస్ స్టెల్లా కాలేజి 1962లో పెట్టింది వేరే సభ, ఫ్రాన్సిస్కన్ మిషనరీస్ ఆఫ్ మేరీ. అందరూ ఫ్రెంచి సభ అనుకుంటారు. స్థాపకురాలు ఫ్రెంచావిడే, నాంత్ పట్టణంలో 1839లో పుట్టిన ఎలెన్ ద షప్పోతాన్, మఠంలో పేరు మేరీ ఆఫ్ ది పాషన్. కానీ సభ పుట్టింది ఊటీలో!

ఆవిడ మొదట వేరే సభలో చేరి 1865లో మధురై మిషన్‌కి వచ్చారు. లోపల గొడవలు ముదిరి 1876లో ఇరవైమంది సిస్టర్లు ఆ సభ వదిలేశారు. చేతిలో ఏమీ లేదు, ఊటీలో ఒక ఇల్లు తప్ప. ఈవిడే రోమ్ వెళ్ళి మొరపెట్టుకుంటే 1877 జనవరి 6న 9వ పియుస్ పోపుగారు కొత్త సభకి ఒప్పుకున్నారు. అంటే సభ విడిచి బయటికి నడిచినవాళ్ళు పెట్టిన సభ ఇది. మా కాలేజిలో ఎదురు మాట్లాడితే ఊరుకునేవాళ్ళు కాదు గానీ, వాళ్ళ పుట్టుకే ఎదురు మాట్లాడటంలోంచి! 2002లో ఆవిడకి ధన్యురాలి పట్టం ఇచ్చారు, పునీత పట్టానికి ముందు మెట్టు అది. వీళ్ళ సభవాళ్ళే ఏడుగురు 1900లో చైనాలో, తైయువాన్‌లో చంపబడ్డారు, 2000లో పునీతులయ్యారు. మెక్లారెన్‌గారి రావల్పిండి ఆసుపత్రిలో సేవచేసింది కూడా వీళ్ళే. అక్కడికి మీ కథా మా కథా కలిశాయి.

పాతగుంటూరు పిల్లోడు
అందరికీ దండం. బాబాయికి రికార్డు గదిగారి పోస్టు చదివి వినిపించాను. "రెండూ క్రైస్తవులేగా, పందెం సగం నాదే" అంటున్నాడు. సరే. ఇంకో అనుమానం. సిస్టర్లు టీచరు ఉద్యోగం చేస్తే జీతం వస్తుంది కదా, అది ఎవరికి? ఇంటికి పంపొచ్చా?

తెనాలి ప్యాసింజర్
నేను తెనాలి జె.ఎం.జె.లో డిగ్రీ చదివినదాన్ని. కాలేజి 1963లో పెట్టారు. అంతకు పదేళ్ళ ముందు 1953లో ఏలూరులో సెయింట్ థెరిసా కాలేజి కూడా వీళ్ళదే. మా అమ్మమ్మ కాలంలో తెనాలి చుట్టుపక్కల పల్లెల్లో ఆడపిల్లని డిగ్రీకి పంపాలంటే తండ్రులు అడిగేది ఒకటే, "మగపిల్లలుంటారా?" లేరు, సిస్టర్లు చూసుకుంటారు, గోడ ఎత్తుగా ఉంది అంటే సంతకం పెట్టేవాళ్ళు. ఆ గోడ మాకు జైలులాగే ఉండేది, ఒప్పుకుంటా. ఉత్తరాలు విప్పి చదివి ఇచ్చేవాళ్ళు. ఆదివారం విజిటర్ల గదిలో అన్నయ్య వచ్చినా లిస్టులో పేరుండాలి. కానీ ఆ గోడే లేకపోతే మా బ్యాచిలో సగం మంది పదో తరగతి దగ్గరే పెళ్ళిపీటలెక్కేవాళ్ళు. మాలో అన్ని మతాలవాళ్ళూ ఉండేవాళ్ళం, క్రైస్తవులం తక్కువే.

జీతం సంగతి మా సిస్టరునే అడిగాను అప్పట్లో. నవ్వి "నాకు బ్యాంకు పుస్తకం ఉంది, అందులో డబ్బు మాత్రం నాది కాదు" అంది. బస్సు చార్జీకి కూడా చిట్టా రాయాలట.

రికార్డు గది
దానికి చట్టం వైపు నుంచి జవాబు ఉంది. మఠంలో చేరగానే ఎవరూ సిస్టరు అయిపోరు. ముందు కొంతకాలం మఠం ఎలా ఉంటుందో చూస్తారు, తరవాత నోవిషియేట్ అనే శిక్షణ కాలం. ధర్మశాస్త్రం ప్రకారం అది కనీసం 12 నెలలు. ఆ తరవాత తాత్కాలిక మాటపట్టు (వ్రతాలు తీసుకోవటం), 3 నుంచి 6 ఏళ్ళ వరకు, అవసరమైతే 9 దాకా పొడిగిస్తారు. అప్పటికీ ఇదే తన దారి అనిపిస్తే నిత్య మాటపట్టు. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు వ్రతాలు. పేదరిక వ్రతం వల్ల సంపాదించింది ఏదైనా సభదే. కాబట్టి ఇంటికి పంపటం తన ఇష్టం కాదు, పెద్దల అనుమతి ఉండాలి.

దీన్ని పట్టుకునే చాలా ఏళ్ళు ఓ వాదన నడిచింది. జీతం సిస్టరు చేతికి రాదు కాబట్టి ఆదాయపు పన్ను ఎందుకు కోస్తారని. ఎయిడెడ్ బళ్ళలో పనిచేసే మఠకన్యలూ గురువులూ కోర్టుకెళ్ళారు. 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు తేల్చేసింది. జీతం వ్యక్తి పేరు మీద వస్తోంది, తరవాత సభకి ఇవ్వటం వాళ్ళ సొంత వ్యవహారం, టీడీఎస్ (జీతంలోంచే పట్టుకునే పన్ను) కోయాల్సిందే అని.

ఆసుపత్రి సంగతి పూర్తి చెయ్యలేదు. 1943 జులై 29న ఇదే గుంటూరులో 16 మంది సిస్టర్లు కూర్చుని కథోలిక ఆసుపత్రుల సంఘం పెట్టారు, ముందు నిలబడింది మేరీ గ్లౌరీ. యుద్ధం రోజులు, గుంటూరు మెడికల్ కాలేజీ కూడా ఇంకా రాలేదు, అది 1946లో వచ్చింది. విడివిడిగా అల్లాడుతున్న చిన్న చిన్న డిస్పెన్సరీలన్నీ ఒక మాట మీదకి రావాలని ఆమె పట్టుదల. ఆ సంఘం ఇప్పుడు సికింద్రాబాదు కేంద్రంగా ఉంది, సభ్య సంస్థలు 3,500కు పైగా. కథోలిక వైద్య కళాశాల ఒకటి రావాలన్నది ఆమె కోరిక. ఆమె 1957 మే 5న బెంగుళూరులో పోయారు, అదే ఊళ్ళో సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ 1963లో తెరుచుకుంది. 2013లో ఆమెని దైవసేవకురాలిగా ప్రకటించారు, పునీత పట్టానికి వెళ్ళే దారిలో అది తొలి మెట్టు.

కారంపొడి
ఈ సంఘం సంగతి నాకు తెలియదు, గుంటూరులో పుట్టిందా! సరే, చరిత్ర ఒప్పుకుంటున్నా. ఫీజు దగ్గర మాత్రం తగ్గేది లేదు.

నైట్‌డ్యూటీ
తగ్గకండి బాబూ, అడగండి. మా రోజుల్లో బిల్లు కట్టలేనివాళ్ళ కాగితం మీద మదరుగారు సంతకం పెడితే కౌంటరులో మాట్లాడేవాళ్ళు కాదు. ఇప్పుడు ఆరోగ్యశ్రీ, ప్యాకేజీలు, ఇన్సూరెన్సు, అన్నీ కంప్యూటర్లే. ఇప్పుడు సిస్టర్లు కూడా తక్కువైపోయారు. ఇళ్ళలో ఇద్దరు పిల్లలు, ఎవరు మఠానికి పంపుతారు? ఒకప్పుడు ప్రతి వార్డుకీ ఒక సిస్టరు ఉండేది.

ఫిరంగిపురం చిన్నోడు
అమ్మా, అది మా విచారణలో కూడా ప్రతి ఆదివారం వినే మాటే. దేవపిలుపుల కోసం ప్రార్థించండి అని ఫాదర్గారు అంటారు, తల్లులు తల ఊపుతారు, ఇంటికెళ్ళి ఈఏపీసెట్ కోచింగ్‌కి డబ్బు కడతారు.

అడ్మిన్
కుగ్లర్ ఆసుపత్రి మీద వచ్చిన నాలుగు పోస్టులు వేరే థ్రెడ్‌లోకి మార్చాను, మతాల మీద మొదలైన రెండు కొట్లాటలు తీసేశాను. ఈ థ్రెడ్ తెరిచే ఉంటుంది. సెయింట్ జోసెఫ్ నర్సింగ్ బ్యాచీల పాత గ్రూపు ఫొటోలు ఎవరి దగ్గరైనా ఉంటే స్కాన్ చేసి పెట్టండి. వెనక రాసిన సంవత్సరం కనిపించేలా వెనకవైపు కూడా తియ్యండి. బతికున్నవాళ్ళ పేర్లు మాత్రం వాళ్ళని అడక్కుండా రాయొద్దు.

నైట్‌డ్యూటీ
మా బ్యాచిది ఒకటుంది. చెదలు ఓ మూల తినేశాయి, నేను నిలబడ్డ మూల కాదులెండి. మనవడు వస్తే తీయించి పెడతాను.